చెవులాయనకు వినబడని పిట్ట

జీపులో చెవులాయన పక్కనున్న అద్దం ఎప్పుడూ దించే ఉండాలి. వాన పడుతున్నా, కొండ మీద చలి ఎముకలు కొరుకుతున్నా అంతే. వెనక సీటులోని అతిథులు శాలువాలు బిగించుకుని, "కాస్త ఆ అద్దం ఎత్తండి సారూ" అని బతిమాలితే, తన మెడలోని మఫ్లరు తీసి వాళ్లకిచ్చేవాడు గాని అద్దం జోలికి పోయేవాడు కాదు. "కళ్లు మూసుకున్నా ఫరవాలేదమ్మా, చెవి మాత్రం మూయకూడదు. ఈ పనంతా చెవిదే," అనేవాడు.

ఆయన పని అతిథులకు పిట్టల్ని చూపించడం. తెల్లవారకముందు బయల్దేరి, పొద్దుగూకాక ఇంటికి చేరే ప్రయాణం అది. కింద మడుగుల దగ్గర్నుంచి పైన మంచుగుట్ట దాకా ఒక్క రోజులోనే తిప్పుకొచ్చేవాడు. వెలుగు వచ్చే వేళకు మడుగు గట్టున నిలబడాలి. కొంగలు, నీటికోళ్లు, నీలి మెరుపులా నీళ్లలోకి దూకే లకుముకి పిట్టలు అక్కడ ఉంటాయి. ఎండ ముదిరేలోపు ఏటి వెంబడి పెద్ద అడవిలోకి వెళ్లాలి. అక్కడ చెట్లు ఆకాశాన్ని కనబడనివ్వవు, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, జలగలు మేజోళ్లలోకి దూరతాయి. మధ్యాహ్నం కాఫీ తోటల నీడన కూర్చుని డబ్బాలు విప్పడం. ఆ తరవాత దారి మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివైపోతాయి, కొమ్మల నిండా నాచు వేలాడుతుంది, మొహానికి తడిగుడ్డ తగిలినట్టు మంచు తగులుతుంది. "పొద్దున్న విసనకర్ర, సాయంత్రం కంబళి, రెండూ తెచ్చుకోండి. పిట్టలు మాత్రం మీరు తెస్తే రావు, వాటికి బుద్ధి పుడితే వస్తాయి," అని ముందురోజే ఫోనులో చెప్పేవాడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఆయనకు ఉండే ఉంటుంది. ఊరంతా చెవులాయన అనే పిలుస్తుంది. భార్య ఎలాగూ పేరు పెట్టి పిలవదు. ఇక ఆ పేరు దేవుడొక్కడికే గుర్తుండాలి. ఆ చెవులు అబ్బింది మాత్రం చిన్నప్పటి జ్వరంలో. బడి మానేసి, మంచం మీద, కాఫీ తోటలో కాపలా గుడిసె కిటికీ పక్కన నెలల తరబడి పడుకోవలసి వచ్చింది. లేచి చూసే ఓపిక లేదు. "అమ్మా, ఆ గొంతు ఎవరిది?" అని అడిగేవాడు. అంట్లు తోముతున్న తల్లి చేతులు చీరకు తుడుచుకుని బయటికి వెళ్లి, మెడ నొప్పి పుట్టేదాకా చెట్ల కేసి చూసి వచ్చి, "తోక పొడుగు, పొట్ట పసుపు, నీలాగే ఒకచోట నిలవదు," అని చెప్పేది. ఆ తల్లి ఎప్పుడూ విసుక్కోలేదు. జ్వరం తగ్గేసరికి తోటలోని గొంతులన్నీ పిల్లవాడికి ఇంటి మనుషుల గొంతులంత తెలిసిపోయాయి.

పెద్దయ్యాక అదే బతుకుతెరువయింది. అతిథుల కోసం జేబులో ఉప్పు పొట్లం, జలగలకు. సంచిలో పొడి మేజోళ్లు. ఎవరైనా ఒక పిట్టను చూడలేక చిన్నబుచ్చుకుంటే, "మీరు చూడలేదని దానికి తెలుసు లెండి, మళ్లీ వస్తుంది," అనేవాడు. రోజూ జీపెక్కే ముందు కళ్లు మూసుకుని ఒక్క మాట చెప్పుకునేవాడు. "చూపించేవాడివి నువ్వు. నేను దారి చెప్పేవాణ్ని. నా నోటి వెంట అబద్ధం రానివ్వకు."

జీపు నడిపేది భార్య తమ్ముడు. బావ దగ్గర పని నేర్చుకుంటానని వచ్చి, పిట్టల పేర్లు ఒక్కటీ తలకెక్కక, స్టీరింగు పట్టుకుని అక్కడే నిలిచిపోయినవాడు. పెళ్లి మాటెత్తితే జీపు మీద చెయ్యి వేసి, "ఈ డొక్కుని కట్టుకున్నాను, చాలదా బావా," అనేవాడు.

ఆ డొక్కుకు ఈ మధ్య ఒక కొత్త రోగం పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ అడవి మధ్యలో టక్కున ఆగిపోయేది.

"ఏమైందిరా?"

"ఏమో బావా, ఊపిరాడ్డం లేదంటోంది."

"నీకూ దానికీ ఒకటే జబ్బు. పనంటే ఊపిరాడదు."

బావమరిది దిగి బోనెట్టు ఎత్తి, లోపల తల దూర్చి ఏదో గెలికేవాడు. ఆ ఖాళీలో చెవులాయన తలెత్తి చుట్టూ చూస్తే, ఎదురు కొమ్మ మీదే ఏదో ఒక చిన్న పిట్ట కనబడేది. ఎర్ర గొంతుదో, నల్ల టోపీదో, అతిథులు ఎంతో దూరం నుంచి దేని కోసం వచ్చారో ఆ పిట్టో. ఒకసారి కాదు, ఎన్నోసార్లు అలాగే జరిగింది. చెవులాయనకు ఒళ్లు పులకరించేది. "చూశారా అమ్మా, జీపుని ఆపి మరీ చూపించాడు," అని పైకి చూసి దణ్ణం పెట్టేవాడు. బోనెట్టు కింద నుంచి బావమరిది ఏమీ అనేవాడు కాదు.

అన్నిటికంటే పైన ఉన్నది మంచుగుట్ట. అక్కడ సన్న వెదురు పొదలు గోడల్లా అల్లుకుని ఉంటాయి. ఆ పొదల్లో తప్ప మరెక్కడా గూడు కట్టని పిట్ట ఒకటి ఉంది. బొటనవేలంత పిట్ట, గొంతు మీద ఇటుకరంగు మరక. గుడ్డలోంచి సూది దూసినంత సన్నంగా కూస్తుంది కనక దాన్ని సూదిపిట్ట అంటారు. గూళ్లు పెట్టే కాలంలో అడవి ఆఫీసువాళ్లు గుట్ట దారికి గేటు వేసి తాళం పెట్టేవారు. ఆ రోజుల్లో పైకి వెళ్లడానికి చెవులాయనకూ ఆయన జీపుకూ మాత్రమే అనుమతి. ఎందుకంటే అక్కడ లెక్కంతా చెవితోనే. ఆ మంచులో చాచిన చెయ్యి కనబడదు, పిట్ట ఏం కనబడుతుంది? తెల్లవారుజామున బండమీద కూర్చుని, ఏ పక్క నుంచి ఏ గొంతు వస్తున్నదో విని చెప్పాలి. ఆయన చెప్పినదాన్ని ఆఫీసువాళ్లు రాసుకునేవారు. వేరే సాక్ష్యం అడిగినవాడు లేడు.

కొన్నేళ్లుగా ఆ గొంతులు తగ్గుతూ వచ్చాయి. బండ చుట్టూ నాలుగు దిక్కులా వినిపించేవి కాస్తా ఒక పక్కే మిగిలాయి. ఆ తరవాత ఒక్క గొంతు, అదీ గాలి ఆగినప్పుడే. ఒక ఏడాది అదీ లేదు. ఆ రోజు చెవులాయన కిందికి వచ్చి అన్నం ముట్టలేదు. "పక్క కొండకు పోయుంటాయి లెండి, వాటికి మాత్రం చుట్టాలుండరా," అని భార్య బుజ్జగించింది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. వరసగా పొద్దులన్నీ మంచులో తడిశాడు. ఆకుల మీంచి నీటి చుక్కలు రాలే చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఖాయంగా లేదంటారా, గురువుగారూ?" అని ఆఫీసరు అడిగాడు. కుర్రవాడే అయినా పెద్దల్ని గౌరవించే మనిషి. "మీరు ఊఁ అంటే పైవాళ్లు గేటు ఎత్తేయమంటారు. గుట్ట చివర జనం నిలబడి చూసే అరుగూ, బండ్లు ఆపుకునే చోటూ కడతారట. ఎప్పట్నుంచో అడుగుతున్నారు. పిట్ట ఉందనే ఆపాను."

చెవులాయన చాలాసేపు నేల చూశాడు. ఆ ఒక్క అబద్ధం ఆడితే గుట్ట మిగులుతుంది. కాని పొద్దున్నే కళ్లు మూసుకుని చెప్పుకున్న మాట ఒకటి ఉంది కదా.

"లేదు బాబూ. ఉంటే నాకు వినబడకుండా పోతుందా?" అన్నాడు.

ఆఫీసరు ఆ మాటే రాసి పైకి పంపాడు. గేటు తీసేశారు.

ఆ తరవాతి గూళ్ల కాలంలో ఒక జంట వచ్చింది. భర్త భుజాన చంటిపిల్లవాడంత కెమెరా. పదవీ విరమణ చేసినప్పటి నుంచీ పిట్టల పిచ్చి పట్టినవాడు. భార్యకు ఆ గోల అక్కర్లేదు. ఒడిలో బత్తాయిల సంచి పెట్టుకుని, ఒలిచి ఒలిచి అందరికీ తొనలు పంచుతూ కూర్చుంది. డ్రైవరుకు చేతులు ఖాళీ ఉండవని గింజలు తీసి మరీ అందించింది.

"పిట్టల్ని చూసినంత ప్రేమగా మా ఆయన నన్నొక్కసారి చూసుంటే ఈ అడవంతా నడిచొచ్చేదాన్ని బాబూ," అన్నది.

"నువ్వు ఎగిరిపోవుగా," అన్నాడు భర్త, కెమెరా లోంచి కన్ను తీయకుండానే.

"ఎగరాలంటే నన్ను వంటింట్లోంచి దింపాలిగా ముందు."

బావమరిది స్టీరింగు మీద పడి నవ్వాడు. ఆ రోజు అన్నీ బాగానే కలిసి వచ్చాయి. మడుగు దగ్గర పెద్ద కొంగ కాళ్ల దగ్గర్నుంచే లేచింది. ఏటి ఒడ్డున జీపు మొరాయించిన చోటే నల్ల టోపీ పిట్ట కనబడింది. కెమెరా ఆయన మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం దాటాక గుట్ట ఎక్కారు.

గేటు రెక్కలు పక్కన గడ్డిలో పడేసి ఉన్నాయి. కొట్టవలసిన పొదల వెంట ఎర్ర గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. కోత మిషన్లు, నూనె డబ్బాలు ఒక తార్పాలిన్ కింద పెట్టి ఉన్నాయి. చెవులాయన అటు చూడకుండా నడిచాడు. మంచు దిగింది. కెమెరా ఆయన అద్దాలు తుడుచుకుంటూ నిట్టూర్చాడు. ఆవిడ కాళ్లు నొప్పిగా ఉన్నాయని బండమీద కూర్చుంది.

"అదేమిటి బాబూ, అంత సన్నంగా? గాజు మీద సూదితో గీసినట్టు?" అన్నది కాసేపటికి.

చెవులాయన ఆగి విన్నాడు. ఆకుల చుక్కలు, ఎక్కడో కొమ్మ కిర్రుమన్న చప్పుడు. "ఎక్కడమ్మా?"

"ఇదిగో, మళ్లీ. ఇప్పుడు ఆ పక్కన."

"పురుగై ఉంటుందిలే," అన్నాడు భర్త. "ఆయనకు వినబడంది నీకు వినబడుతుందా? నాకూ ఏమీ వినబడట్లేదు."

"మీకు నేను అరిచినా వినబడదు. నాకు పక్కింటివాళ్లు గొణుక్కున్నా వినబడుతుంది." ఆవిడ లేచి నిలబడి మంచులోకి వేలు చూపించింది. "అదిగో అక్కడ. ఎంత బుజ్జిగా ఉందో చూడండి."

గాలికి మంచు ఒక తెర తొలగింది. చెవులాయన దుర్భిణి ఎత్తాడు. వెదురు కొసన బొటనవేలంత పిట్ట. గొంతు మీద ఇటుకరంగు మరక. ముక్కులో చిన్న నాచుపోగు పట్టుకుని ఉంది. అది పోగును కాళ్ల కింద అదిమిపెట్టి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచింది. గొంతు గజగజ వణికింది. తోక ఆడింది. ఒళ్లంతా ఊగిపోయేలా కూస్తోంది. చెవులాయనకు మాత్రం ఏమీ వినబడలేదు. అద్దం అవతల మనిషి మాట్లాడుతున్నట్టుంది. పిట్ట నోరు మూసుకుంది, మళ్లీ తెరిచింది. మళ్లీ ఏమీ లేదు.

మంచు మూసుకుంది.

"తీశారా?" అన్నది ఆవిడ భర్తతో.

"తీశాను. బూడిదరంగు మంచు తప్ప ఏమీ పడలేదు."

చెవులాయన దుర్భిణి దించలేదు. దించితే మొహం కనబడుతుంది. తిరిగి జీపు దాకా ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. అతిథుల్ని వాళ్ల బస దగ్గర దింపేటప్పుడు ఆవిడ చివరి బత్తాయి ఆయన చేతిలో పెట్టి, "మీ ఒంట్లో బాగాలేనట్టుంది, ఇంటికెళ్లి పడుకోండి నాయనా," అన్నది. తనకంటే వయసులో చిన్నదే అయినా తల్లిలా అన్నది.

జీపు మలుపు తిరిగాక చెవులాయన అడిగాడు. "నీకు వినబడిందారా?"

బావమరిది గేరు మార్చాడు. అక్కర లేకపోయినా మళ్లీ మార్చాడు. "వినబడింది బావా."

"ఎప్పట్నుంచి?"

"అదెప్పుడూ ఉండేదేగా. పోయినేడు నిన్ను పైన దింపి కూర్చున్నప్పుడు కూడా చెవిలో జోరీగలా గీపెట్టింది. నువ్వు లేదన్నావు. నువ్వే లేదంటే, అది పిట్టెందుకవుతుంది, పురుగే అనుకున్నాను. నాకేం తెలుసు? నాకు కాకీ కోకిలా ఒకటే."

"మరి నా చెవులు పోతున్నాయని తెలియదా నీకు?"

జీపు రోడ్డు పక్కన ఆగింది. ఈసారి ఊపిరాడక కాదు. బావమరిది చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"తెలుసు బావా. సన్న గొంతులు నీకు అందట్లేదని మూడేళ్ల నుంచీ తెలుసు. నీకూ తెలుసుననుకున్నాను. పైకి చెప్పుకోలేక ఊరుకున్నావనుకున్నాను. మాట అంటే నొచ్చుకుంటావని..." కాస్త ఆగాడు. "ఏదైనా సన్నగా కూస్తుంటే అక్కడ జీపు ఆపేవాణ్ని. పేరు నాకు తెలియదుగా. నువ్వు తలెత్తి చూస్తే నీకే తెలిసేది."

చెవులాయనకు తను పైకి చూసి పెట్టిన దణ్ణాలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కోపం రావలసిన చోట కోపం రాలేదు. ఆ బోనెట్టు కింద, వేడి ఇంజను మీద మొహం పెట్టి, లేని రోగాన్ని గెలుకుతూ నిలబడ్డవాడి వీపు గుర్తుకొచ్చింది.

"చెయ్యి కాలేది కదరా," అన్నాడు చివరికి.

"అప్పుడప్పుడూ," అన్నాడు బావమరిది.

ఇంటికి వచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడి భార్యను అడిగాడు. "పొద్దున్న నా చేతిగడియారం మోగుతుందా?"

ఆమె చేతిలో గరిటె ఆగింది. "మోగుతుందండీ."

"నాకు వినబడి లేస్తున్నానా?"

రోజూ తెల్లవారకముందు ఆమె భుజం తట్టి, 'గడియారం మోగింది, లేవండి,' అనేది. వయసు మీద పడి నిద్ర గట్టిపడిందని ఆయన అనుకునేవాడు.

"పిట్టల మాటలన్నీ వినబడుతున్నాయిగా, గడియారం కూత వినబడకపోతే ఏం పోయిందిలే అనుకున్నాను," అన్నది ఆమె. కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంది. "చెప్పాల్సింది. మిమ్మల్ని చెవులాయన అని అందరూ అంటుంటే ఆ మాట నా నోటెలా వస్తుందండీ?"

ఇంట్లో ఒకరు, బండిలో ఒకరు, ఇంత ఒద్దికగా, ఇంత ప్రేమగా చుట్టూ దడి కట్టి పెట్టారు. ఆ దడి లోపల కూర్చుని తను గుట్టను అప్పగించేశాడు. ఇందులో ఎవర్ని తప్పుపట్టాలి?

మర్నాడు ఆఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాడు. ఆఫీసరు వచ్చి, తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. వెనక గోడ మీద లోయ పటం ఉంది. గుట్ట ఉన్నచోట కొత్త ఎర్ర గీత.

"పిట్ట ఉంది బాబూ. కళ్లారా చూశాను. గూడు కడుతోంది. అప్పుడు లేదన్నది నా చెవులు. నా చెవులు పోయాయి."

ఆఫీసరు గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు బల్ల మీది చెక్క గీతల వెంట వేలు నడిపాడు.

"గురువుగారూ, మీరు అబద్ధం ఆడరని నాకు తెలుసు. కానీ నన్నేం రాయమంటారు? మీకు వినబడలేదు కాబట్టి లేదని రాశాను. ఇప్పుడు మీ చెవులు పోయాయని మీరే అంటున్నారు. చెవులు పోయిన మనిషి మాట మీద పని ఆపమని రాస్తే పైవాళ్లు నవ్వుతారు. ఎవరైనా విన్నారా?"

"ఒక అతిథి విన్నది."

"ఆవిడకు పిట్టలు తెలుసా?"

"తెలియవు."

"ఫోటో?"

"మంచు."

"ఫోనులో కూత పట్టి తెండి, నేనే పంపిస్తాను. కానీ అది విని ఖాయం చేయడానికి పైనుంచి మనిషి రావాలి. పోనీ ఇక్కడివాళ్లెవరైనా ఖాయం చేస్తారా అంటే..." అతని గొంతు తగ్గింది. "ఇక్కడ ఎవర్ని అడిగినా మిమ్మల్నే అడగమంటారండీ. రేపు పొద్దున్న కోత మొదలు. ఆపే చెయ్యి నాది కాదు."

చెవులాయన తల ఊపాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అదే గుండెల మీద రాయిలా కూర్చుంది. ఒకరైనా కసిరి ఉంటే, పొమ్మని ఉంటే, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. ఆఫీసరు గుమ్మం దాకా వచ్చి, వానలో తడవకుండా తన గొడుగు ఇచ్చి పంపాడు.

మరునాడు తెల్లవారుతుండగా బావా బావమరుదులిద్దరూ గుట్ట మీద ఉన్నారు. కోత కూలీలు అప్పటికే మిషన్లకు నూనె పోస్తున్నారు. మేస్త్రీ బొద్దుగా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. చెవులాయన వెళ్లి చేతులు జోడించి, పిట్టను చూసిన మూల చూపించి, సంగతంతా చెప్పాడు. మేస్త్రీ చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒకడు మిషను లాగబోతే, "ఆగరా, పెద్దాయన మాట్లాడుతున్నాడు," అన్నాడు.

"పై నుంచి ఒక్క మాట తెప్పించు పెద్దాయనా, నిమిషంలో కిందికి దిగిపోతాం. అది లేకుండా ఆపితే నా బదులు ఇంకొకణ్ని పంపుతారు. వాడు ఈ మాత్రం వినడు కూడా."

"తెలుసు నాయనా."

మేస్త్రీ తల గోక్కున్నాడు. తరవాత కూలీల వైపు తిరిగి, "ముందు టీ కాచుకోండిరా. నిదానంగా తాగండి, నోళ్లు కాల్చుకోకండి," అన్నాడు. చెవులాయన వైపు చూడకుండా, "అంతవరకే నా చేతిలో ఉంది," అన్నాడు.

చెవులాయన వెళ్లి బండమీద కూర్చున్నాడు. బావమరిది పక్కన కూర్చుని ఫోను మంచులోకి చాచి పట్టుకున్నాడు. ఎవరికి పంపాలో, ఎవరు వింటారో ఇద్దరికీ తెలియదు. అయినా పట్టుకున్నాడు.

"ఎక్కడుందో చెప్పరా."

బావమరిది రెండో చేతి వేలు ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. ఎడమ పక్కకు ఒకటి. కాస్త దూరాన, లోయ వైపు, ఇంకొకటి. చెవులాయన పిట్ట కేసి కాక ఆ వేలి కేసి చూస్తూ కూర్చున్నాడు. వేలు లేచినప్పుడల్లా ఆయన పెదవులు కొంచెం విడివడేవి. ఆ కూత ఎలా ఉంటుందో ఆయనకు లోపల బాగా గుర్తుంది. మొదట ఒక సన్న గీత, చివర చిన్న వణుకు.

"చివర వణుకుతోందా?" అని అడిగాడు.

"వణుకుతోంది బావా."

"అయితే ఆడపిట్ట పక్కనే ఉంది. గుడ్లు పెట్టబోతోంది."

బావమరిది వేలు కాసేపు లేవలేదు. కూత లేక కాదు. కళ్లు తుడుచుకోవడానికి ఆ చెయ్యే వాడవలసి వచ్చింది.

చెవులాయన కళ్లు మూసుకున్నాడు. రోజూ చెప్పుకునే మాట నోటికి రాలేదు. అబద్ధం రానివ్వకు అనే కదా అడిగింది, అబద్ధం రాలేదు కూడా. నిజమనుకున్నదే చెప్పాడు. ఇక దేవుణ్ని ఏమడగాలో తెలియక ఊరికే చేతులు జోడించుకుని కూర్చున్నాడు. మేస్త్రీ రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి, ఒకటి ఆయన చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ ముడిచాడు.

"నువ్వు చూపించిన ఆ మూల చివరికి కొడతాం పెద్దాయనా. సాయంత్రమవుతుంది. ఈలోపు పైనుంచి మాటేదైనా వస్తే సరే."

రాదని ముగ్గురికీ తెలుసు.

కూలీలు గ్లాసులు కడిగి బోర్లించారు. ఒకడు తాడు లాగాడు. మిషను దగ్గి, మళ్లీ దగ్గి, అందుకుంది. రెండోది దానితో గొంతు కలిపింది. గుట్ట అంచున మొదటి వెదుళ్లు పక్కకు ఒరిగాయి. మంచులో నీలి పొగ కలిసింది. బావమరిది ఫోను ఇంకా చాచే ఉంచాడు. వేలు మాత్రం కిందికి దిగి మోకాలి మీద ఉండిపోయింది.

చెవులాయన అతని చెవి దగ్గరికి వంగి అరిచాడు. "ఇంకా కూస్తోందా?"

బావమరిది మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి, ఎంతోసేపు ప్రయత్నించాడు.

"ఈ చప్పుళ్లో నాకూ వినబడట్లేదు బావా," అన్నాడు.

చెవులాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. లేవలేదు. ఆ మూల వెదురు కొసలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. గాలికో, పిట్టకో, ఆయనకు తెలియలేదు.